నాన్నకి పీఎస్ఏ పరీక్ష ఉంది, ముందు ఏమేం చూసుకోవాలి?

తెనాలి అబ్బాయి | జనవరి 9, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 66 ఏళ్లు. అమ్మా నాన్నా తెనాలి దగ్గర మా ఊళ్లోనే ఉంటారు, నేను హైదరాబాద్ మియాపూర్‌లో. రెండేళ్ల క్రితం నాన్నకి మూత్రం ఆగి ఆగి రావడం, రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేవడం మొదలైంది. గుంటూరులో చూపిస్తే ప్రోస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాచింది, ఈ వయసులో మామూలే అని మాత్రలు రాశారు. వాటితో చాలా నయం. ఇప్పుడు రాత్రి ఒక్కసారే లేస్తున్నారు.

మొన్న నవంబర్‌లో మా పెదనాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్ అని బయటపడింది. నాన్నకి సొంత అన్న, 71 ఏళ్లు. అప్పటి నుంచి నాన్న పైకి ఏమీ అనరు గానీ లోపల నలిగిపోతున్నారు. ముద్ద కలుపుకుని అలాగే కూర్చుంటున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. పండక్కి ఊరెళ్తున్నాను కదా అని 17న ల్యాబ్ వాళ్లు ఇంటికే వచ్చి రక్తం తీసుకునేలా బుక్ చేశాను. షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ, పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్త పరీక్ష) అన్నీ ఉన్న ప్యాకేజీ.

నా అనుమానాలు ఇవి. పరగడుపున ఇవ్వాలా? ప్రోస్టేట్ మాత్రలు ముందు ఆపేయాలా? నాన్న రోజూ సైకిల్ మీదే పొలానికి వెళ్తారు, రానూపోనూ ఎనిమిది కిలోమీటర్లు. సైకిల్ తొక్కితే పీఎస్ఏ పెరుగుతుందని ఆఫీసులో ఒకాయన అన్నారు, నిజమేనా? తప్పుగా వచ్చిన అంకె చూసి నాన్న ఇంకా కుంగిపోతారేమోనని నా భయం.

ల్యాబ్ బాబాయ్ | జనవరి 9, రాత్రి 10:20

బాబూ, నేను ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రక్తం ఇచ్చేముందే అడగాలని నీకు తోచినందుకు సంతోషం. చాలామంది రిపోర్టు చేతికొచ్చాక అడుగుతారు.

పీఎస్ఏ ఒక్కదానికైతే పరగడుపు అక్కర్లేదు. ఇడ్లీ తిని వచ్చినా ఆ అంకె మారదు. కానీ నీ ప్యాకేజీలో షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నాయి కాబట్టి రాత్రి ఎనిమిదింటికల్లా భోజనం ముగించి, పొద్దున రక్తం ఇచ్చేదాకా ఏమీ తినకుండా ఉండాలి. మంచినీళ్లు మాత్రం తాగమను. పరగడుపంటే నీళ్లు కూడా ముట్టకూడదనుకుని నోరెండబెట్టుకుని వచ్చేవాళ్లని వేలమందిని చూశాను. పెద్దవాళ్లకి అప్పుడు నరం దొరకదు, రెండు మూడు చోట్ల పొడవాల్సి వస్తుంది. షుగర్ మాత్ర వేసుకునే అలవాటుంటే అది రక్తం తీశాక, టిఫిన్‌తో.

సైకిల్ సంగతి. సీటు సరిగ్గా ప్రోస్టేట్ ఉండే చోటే కింద నుంచి నొక్కుతుంది. దాని వల్ల పీఎస్ఏ పెరిగిందని కొన్ని అధ్యయనాల్లో వచ్చింది, పెద్ద తేడా లేదని కొన్నింటిలో వచ్చింది. మనకెందుకు ఆ వాదన? రెండు రోజులు సైకిల్ మానేస్తే పోయేదేమీ లేదు. బరువులెత్తడం లాంటి గట్టి శ్రమ కూడా ఆ 48 గంటలు వద్దు.

అదే 48 గంటలు భార్యాభర్తల కలయిక కూడా ఉండకూడదు. ఏ విధంగానూ వీర్యం బయటికి పోకూడదు. ఇది ఎవరూ మొహమాటంతో అడగరు, రక్తం తీసే పిల్లలు సిగ్గుపడి చెప్పరు. పీఎస్ఏ అనేది ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్. దాని పనే వీర్యాన్ని పలచబరచడం. వీర్యం పోయాక అది కొంతసేపు రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది.

ఇప్పుడు నేనడిగేవి నువ్వు చెప్పు. మాత్రల పేర్లేంటి? ఈ నెలా నెలన్నరలో జ్వరం గానీ, మూత్రంలో మంట గానీ వచ్చిందా? మూత్రానికి పైపు ఏమైనా వేశారా? ఇవి తెలియకుండా 17న రక్తం తీయించవద్దు.

గోదావరి గట్టు | జనవరి 9, రాత్రి 11:05

సైకిల్ గురించి నా అనుభవం చెబుతాను. నాకు 58. మా రాజమండ్రిలో పొద్దున్నే బ్యాచ్‌గా సైక్లింగ్ చేస్తాం. పోయినేడాది ఒక ఆదివారం 60 కిలోమీటర్లు తొక్కాను, సోమవారం పొద్దున కంపెనీ హెల్త్ చెకప్‌లో రక్తం ఇచ్చాను. పీఎస్ఏ 4.6 వచ్చింది, రిపోర్టులో 4 లోపు నార్మల్ అని ఉంది. వారం రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ పడుకున్నాక ఫోన్లో చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగిందే "సైకిల్ తొక్కుతారా?" అని. ఆరు వారాలు ఆగి, ముందు మూడు రోజులు సైకిల్ ముట్టకుండా అదే ల్యాబ్‌లో ఇస్తే 3.1. ఆ తేడా అంతా సైకిల్ వల్లేనని నేననను. కానీ ఆ వారం రోజుల నరకం మాత్రం ఎవరికీ వద్దు.

తెనాలి అబ్బాయి | జనవరి 10, ఉదయం 8:15

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. అమ్మని మాత్రల అట్ట ఫొటో తీసి పంపమన్నాను. టామ్సులోసిన్ 0.4, డ్యూటాస్టెరైడ్ 0.5 రెండూ ఒకే మాత్రలో ఉన్నాయి. రాత్రి భోజనం తర్వాత ఒకటి. జ్వరం సంగతి సాయంత్రం అడుగుతాను.

ఆ 48 గంటల విషయం నాన్నకి ఎలా చెప్పాలో మాత్రం తెలియట్లేదు. మా ఇంట్లో ఇలాంటి మాటలు ఎప్పుడూ లేవు. నాన్న ఎదురుగా నిలబడి నేనైతే చెప్పలేను.

కరీంనగర్ అక్క | జనవరి 10, ఉదయం 9:30

తమ్ముడూ, దీనికి అంత ఇబ్బంది పడకు. మా ఆయన పరీక్షప్పుడు నేను కాగితం మీద రాసి క్యాలెండర్‌కి గుచ్చిన. "గురువారం, శుక్రవారం: సైకిల్ వద్దు, జిమ్ వద్దు, కలవడం వద్దు. శనివారం 7 గంటలకు రక్తం." అంతే. ఎవరూ ఎవరి ముఖం చూసి మాట్లాడాల్సిన పని లేదు. నువ్వు చెప్పలేకపోతే అమ్మకి చెప్పు, లేకుంటే మీ బాబాయో మామయ్యో ఉంటే వాళ్లతో చెప్పించు. 66 ఏళ్లకి ఆ అవసరం ఏముంటుందిలే అని మాత్రం వదిలేయకు. అది మనం అనుకోవాల్సింది కాదు.

కర్నూలు డాక్టరమ్మ | జనవరి 10, మధ్యాహ్నం 2:10

నేను జనరల్ ఫిజీషియన్‌ని, యూరాలజిస్టుని (మూత్ర సంబంధ రోగాల డాక్టర్‌ని) కాదు. కానీ ఈ మాత్ర పేరు చూసి ఆగలేకపోయాను.

టామ్సులోసిన్‌తో పీఎస్ఏకి సంబంధం లేదు. అది మూత్రం దారిలో కండరాన్ని వదులు చేస్తుంది, అంతవరకే. డ్యూటాస్టెరైడ్ అలా కాదు. అది ప్రోస్టేట్‌ని కుదిస్తుంది, దాంతోపాటు పీఎస్ఏని కూడా తగ్గిస్తుంది. ఆరు నెలల నుంచి ఏడాది వాడేసరికి అంకె దాదాపు సగానికి పడిపోతుంది. ఫినాస్టెరైడ్ అనే ఇదే రకం మందు కూడా అంతే. అందుకే ఈ మాత్ర వాడుతున్న మనిషికి రిపోర్టులో 3 వచ్చిందంటే దాన్ని 6 అనుకుని చదవాలి. రిపోర్టులో పక్కన "4 లోపు నార్మల్" అని అచ్చు వేసి ఉంటుంది. ఆ అచ్చు మీ నాన్నగారి కోసం వేసింది కాదు.

మరి ముందు ఆపేద్దామా అంటే, వద్దు. డ్యూటాస్టెరైడ్ ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు ఐదు వారాలు పడుతుంది. వారం ముందు ఆపినా అంకె ఏమీ మారదు. పైగా అది టామ్సులోసిన్‌తో కలిసిన మాత్ర కాబట్టి, ఆపితే మూత్రం ఆగిపోయే ప్రమాదం ఉంది. మాత్ర వేసుకుంటూనే పరీక్ష చేయించండి. కానీ ఎన్ని నెలల నుంచి వాడుతున్నారో, మధ్యలో ఎప్పుడైనా మానేశారో కచ్చితంగా రాసుకోండి. గుంటూరులో మాత్ర మొదలుపెట్టేముందు పీఎస్ఏ చేసి ఉంటారు. ఆ పాత కాగితం వెతకండి, అది బంగారంతో సమానం.

ఇంకో మాట. బాబాయ్ గారు అడిగిన జ్వరం, మంట ప్రశ్నకి జవాబు చెప్పకుండా ముందుకు వెళ్లొద్దు.

గచ్చిబౌలి 45 | జనవరి 10, సాయంత్రం 6:48

డాక్టర్ గారూ, మధ్యలో దూరుతున్నందుకు సారీ. నేను జుట్టు రాలుతోందని మూడేళ్లుగా ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రామ్ వేసుకుంటున్నా, బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర కూడా. మా ఆఫీసు చెకప్‌లో పీఎస్ఏ 0.9 వచ్చింది. ఇది కూడా లెక్కలోకి వస్తుందా?

కర్నూలు డాక్టరమ్మ | జనవరి 10, రాత్రి 8:02

వస్తుందండీ. జుట్టుకి వాడే 1 మిల్లీగ్రామ్ కూడా పీఎస్ఏని తగ్గిస్తుంది. మీ 0.9ని రెట్టింపు చేసినా తక్కువే, కంగారు పడాల్సిందేమీ లేదు. కానీ జుట్టు మాత్రను ఎవరూ మందు అనుకోరు, "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే లేదనే చెబుతారు. ఇక మీదట చెప్పండి.

బయోటిన్ సంగతి వేరు. అది మీ పీఎస్ఏని మార్చదు, పరీక్ష చేసే యంత్రాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. కొన్ని యంత్రాలు బయోటిన్ అతుక్కునే పద్ధతి మీదే పనిచేస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే పీఎస్ఏ ఉన్నదానికన్నా తక్కువగా చూపించొచ్చు. థైరాయిడ్ పరీక్షలకీ, గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్షకీ ఇదే చిక్కు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరిక ఇచ్చింది. ఎన్ని రోజులు ఆపాలో మీ ల్యాబ్‌నే అడగండి, మోతాదు చెప్పి మరీ అడగండి.

తెనాలి అబ్బాయి | జనవరి 10, రాత్రి 10:31

అమ్మతో మాట్లాడాను. నాకు చెప్పకుండా దాచారు. డిసెంబర్ మూడో వారంలో నాన్నకి చలిజ్వరం వచ్చిందట, మూత్రంలో మంట, కొంచెం రక్తం చాయ కూడా. ఊళ్లో ఆర్ఎంపీ ఇంజెక్షన్ చేశాడు, తగ్గలేదు. తెనాలిలో చూపిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. వారం రోజులు యాంటీబయాటిక్ వాడారు. డిసెంబర్ 28తో కోర్సు అయిపోయింది. "నువ్వు కంగారు పడతావని చెప్పలేదురా" అంది అమ్మ. ఇప్పుడు మంట ఏమీ లేదంటున్నారు. మరి 17న చేయించవచ్చా?

ల్యాబ్ బాబాయ్ | జనవరి 10, రాత్రి 10:50

వద్దు బాబూ. బుకింగ్ రద్దు చేయి. షుగర్, కొలెస్ట్రాల్ కావాలంటే ఇప్పుడు చేయించుకో, పీఎస్ఏ మాత్రం తీసేయమను.

ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ప్రోస్టేట్ కూడా వాస్తుంది, పీఎస్ఏ ఎంతకైనా పోతుంది. మంట తగ్గినంత మాత్రాన అది వెంటనే దిగదు. కనీసం ఆరు వారాలు ఆగాలి. డిసెంబర్ 28 నుంచి లెక్కేస్తే ఫిబ్రవరి 8. ఆ తర్వాత ఏ రోజైనా పర్వాలేదు. ముందు ఒకసారి మామూలు మూత్ర పరీక్ష చేయించి, చీము కణాలు లేవని చూసుకుని, అప్పుడు పీఎస్ఏకి రక్తం ఇప్పించు.

కరీంనగర్ అక్క | జనవరి 11, ఉదయం 7:20

బాబాయ్ మాట విను తమ్ముడూ. మాకు అలా చెప్పేవాళ్లు లేకపోయారు.

రెండేళ్ల కింద మా ఆయనకి పెళ్లికి పోయి వచ్చిన రాత్రి మూత్రం పూర్తిగా బందైంది. పొట్ట కింద రాయిలా గట్టిగా అయింది, మనిషి గోడ పట్టుకుని వంగిపోయిండు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పైపు వేసిన్రు. వేసిన మర్నాడే అన్ని రక్త పరీక్షలతో పాటు పీఎస్ఏ కూడా తీసిన్రు. 18.7 వచ్చింది. అది చూసి అక్కడి పెద్ద డాక్టర్ నిలబడే "క్యాన్సర్ కావచ్చు, బయాప్సీ చేయాలి, అంటే లోపలి ముక్క తీసి చూడాలి" అని చెప్పి వెళ్లిపోయిండు. మేం ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. మా బిడ్డ పెళ్లి ముందు చేసేద్దామా అని కూడా మాట్లాడుకున్నం.

వేరే డాక్టర్ దగ్గరికి పోతే ఆయన ఆ కాగితం పక్కన పెట్టి, మూత్రం బందైనప్పుడు, పైపు ఉన్నప్పుడు తీసిన పీఎస్ఏని నమ్మకూడదమ్మా అన్నడు. రెండు నెలల తర్వాత మళ్లీ చేస్తే 3.8. ఆ మొదటి కాగితం ఇంకా నా బీరువాలో ఉంది. ఎవరికైనా ఇలాంటిది వస్తే చూపించడానికి దాచిన.

ఎడిసన్ వాసి | జనవరి 11, రాత్రి 11:12

న్యూజెర్సీ నుంచి. ముందు జాగ్రత్తలన్నీ బాగా చెప్పారు. కానీ దీనికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు ఈ పరీక్ష చేయించాలా?

మా నాన్నకి 74. ఏ ఇబ్బందీ లేదు. ఇండియాలో నా తమ్ముడు పుట్టినరోజుకి పెద్ద ప్యాకేజీ బుక్ చేశాడు, అందులో పీఎస్ఏ కూడా ఉంది. 5.4 వచ్చింది. అక్కడి నుంచి ఒకటి వెనక ఒకటి. మలద్వారం గుండా బయాప్సీ చేశారు. రెండో రోజు వణుకుతో జ్వరం, రక్తంలోకి ఇన్ఫెక్షన్, ఐదు రోజులు ఐసీయూ. బయాప్సీలో ఏమీ లేదు. ఏ బాధా లేని మనిషిని మేమే తీసుకెళ్లి మంచాన పడేశాం. నేను ఇక్కడ నుంచి వీడియో కాల్‌లో చూస్తూ ఉండిపోయాను.

అమెరికాలో ఈ విషయాల మీద సలహా ఇచ్చే ప్రభుత్వ నిపుణుల బృందం 2018లో చెప్పింది ఇదే. 55 నుంచి 69 వరకు డాక్టర్‌తో మాట్లాడి ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. 70 దాటాక ఏ లక్షణాలూ లేనివాళ్లకి స్క్రీనింగ్‌గా చేయొద్దు. ప్యాకేజీలో ఉచితంగా వస్తోందని చేయించేది కాదు ఇది.

పాలమూరు | జనవరి 12, ఉదయం 6:55

అన్నా, మీ నాన్నగారికి జరిగింది చదివి బాధేసింది. కానీ మా ఇంట్లో జరిగింది కూడా వినండి.

మా నాయనకి నడుము నొప్పి. వ్యవసాయం మనిషి, బస్తాలు మోసిన నడుము, నొప్పి రాకుండా ఎలా ఉంటుందని ఎనిమిది నెలలు నూనెలు రాసినం, బెల్టు కట్టినం, ఎముకల డాక్టర్ దగ్గర తిప్పినం. ఒకరోజు మంచం మీద నుంచి లేస్తుంటే తొడ ఎముక విరిగింది. కింద కూడా పడలేదు. అప్పుడు పీఎస్ఏ చేస్తే 640. ఎముకలన్నిటికీ పాకింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసిన్రు, బాగా చూసుకున్నరు, కానీ అప్పటికే ఆలస్యమైంది. రెండేళ్లు ఉన్నడు. 64 ఏళ్లకి పోయిండు.

600 రూపాయల పరీక్ష. ఎవరూ చెప్పలేదు, మాకు తెలియలేదు. అందుకే పరీక్ష వద్దని ఎవరైనా రాస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు.

ఎడిసన్ వాసి | జనవరి 12, ఉదయం 7:40

తమ్ముడూ, మీ నాన్నగారి గురించి చదివాక నా పోస్టు మళ్లీ చదువుకున్నాను. మీకు కష్టం కలిగించి ఉంటే క్షమించండి. వద్దే వద్దని నా ఉద్దేశం కాదు. తెలిసి చేయించుకోవాలి అని మాత్రమే.

కర్నూలు డాక్టరమ్మ | జనవరి 12, మధ్యాహ్నం 1:35

ఇద్దరి అనుభవాలూ నిజమే. ఈ పరీక్షలో ఉన్న కష్టమే అది.

యూరప్‌లో ఎనిమిది దేశాల్లో లక్షా అరవై వేలకు పైగా మగవాళ్లని 23 ఏళ్లు గమనించారు. 2025లో వచ్చిన ఫలితం ప్రకారం, పీఎస్ఏకి పిలిచిన వాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ చావులు 13 శాతం తక్కువ. ఇంకోలా చెప్పాలంటే 456 మందిని పరీక్షకి పిలిస్తే ఒక్క ప్రాణం దక్కింది. ఆ ఒక్కరు మన నాన్న అయితే అది చిన్న అంకె కాదు. మిగతా 455 మందిలో కొందరికి అక్కర్లేని బయాప్సీలు, వైద్యాలు జరిగాయన్నదీ నిజమే. పీఎస్ఏ ఎక్కువ వచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురికి క్యాన్సర్ ఉండదని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ చెబుతుంది. అంకె మామూలుగా ఉన్న ఏడుగురిలో ఒకరికి ఉండొచ్చు కూడా. పీఎస్ఏ క్యాన్సర్‌ని చూపించే పరీక్ష కాదు. ప్రోస్టేట్‌లో ఏదో కదలిక ఉందని చెబుతుంది, అంతే. అది వాపా, ఇన్ఫెక్షనా, క్యాన్సరా అన్నది తర్వాత తేల్చుకోవాలి.

ఇప్పుడు దారి కొంత మారింది. పీఎస్ఏ పెరిగితే నేరుగా బయాప్సీకి వెళ్లరు. మళ్లీ చేసి చూస్తారు, 4 నుంచి 10 మధ్య ఉంటే ఫ్రీ పీఎస్ఏ (రక్తంలో వేరే ప్రోటీన్లకి అంటుకోకుండా ఉండే పీఎస్ఏ) శాతం చూస్తారు, తర్వాత ఎంఆర్ఐ. అందులో అనుమానం ఉంటేనే బయాప్సీ. అది కూడా మలద్వారం గుండా కాకుండా, దానికీ వృషణాలకీ మధ్య చర్మం గుండా చేసే పద్ధతి ఉంది, ఇన్ఫెక్షన్ ప్రమాదం తక్కువ. క్యాన్సర్ తేలినా అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. బ్రిటన్‌లో ప్రోస్టేట్ దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులుగా చేసి ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, ఒకరికి గమనిస్తూ ఉండటం ఇచ్చారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే మూడు గుంపుల్లోనూ ఆ క్యాన్సర్‌తో పోయినవాళ్లు దాదాపు 3 శాతమే.

తెనాలి బాబూ, మీ నాన్నగారికి 66, సొంత అన్నకి క్యాన్సర్ ఉంది. అన్నదమ్ములకి గానీ తండ్రికి గానీ ఉంటే ప్రమాదం దాదాపు రెట్టింపు. ఆయన ఈ పరీక్ష చేయించుకోవడం సబబే. కానీ ముందు ఆయన్నే అడగండి. అంకె ఎక్కువ వస్తే తర్వాత ఎంఆర్ఐ ఉంటుంది, కావాలంటే బయాప్సీ ఉంటుంది, దానికి సిద్ధమేనా అని. మీరు బుక్ చేశారు, అమ్మ ఫొటో పంపారు, ఇంతసేపూ ఆయన మాట ఒక్కటి కూడా ఇక్కడ వినపడలేదు.

తెనాలి అబ్బాయి | జనవరి 16, రాత్రి 9:10

డాక్టర్ గారూ, ఆ చివరి మాట మూడు రోజులు నన్ను వదల్లేదు.

కనుమ రోజు సాయంత్రం నాన్నతో చేను గట్టు మీద కూర్చున్నాను. పరీక్ష గురించి చెప్పి, మీకు ఇష్టమేనా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ పెదనాన్న నాకన్నా గట్టి మనిషిరా" అన్నారు. ఇంకాసేపాగి "తెలిస్తేనే నిద్ర పడుతుంది, చేయించు" అన్నారు. ఆ జ్వరం సంగతి ఆయనే చెప్పారు, ఎన్ని రోజులో, ఏ మాత్రలో అన్నీ. ఫిబ్రవరి 12కి మార్చాను.

48 గంటల సంగతి కరీంనగర్ అక్క చెప్పినట్టే కాగితం మీద రాసి అమ్మ చేతికిచ్చాను. అమ్మ చదివి మడిచి పోపుల డబ్బా కింద పెట్టింది, ఏమీ అనలేదు.

ల్యాబ్ బాబాయ్ | జనవరి 17, ఉదయం 6:30

బాగా చేశావు. ఇంకో రెండు మాటలు గుర్తుపెట్టుకో. ముందు వారంలో డాక్టర్ వేలితో ప్రోస్టేట్ పరీక్ష చేస్తానంటే, రక్తం ఇచ్చాక చేయించుకుంటామని చెప్పు. దాని ప్రభావం కొద్దిగానే, అయినా వరస అలా ఉంటే మంచిది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆపక్కర్లేదు, తీసే అబ్బాయికి చెప్పి సూది తీశాక ఐదు నిమిషాలు దూది గట్టిగా నొక్కి పట్టాలి.

ఇంటికొచ్చి తీసేవాళ్లయితే ఐస్ ప్యాకుల డబ్బా తెచ్చారో లేదో చూడు. పసుపు మూతో ఎర్ర మూతో ఉన్న ట్యూబ్‌లో తీస్తారు. గడ్డ కట్టాక యంత్రంలో తిప్పి సీరం (పైకి తేలే పసుపు ద్రవం) వేరు చేయాలి. మొత్తం పీఎస్ఏ కొంత ఓర్చుకుంటుంది గానీ ఫ్రీ పీఎస్ఏ ఓర్చుకోదు, గంటల్లోనే తగ్గిపోతుంది. ఫ్రీ పీఎస్ఏ కూడా రాస్తే మాత్రం ఇంటి దగ్గర కాకుండా ల్యాబ్‌కే వెళ్లండి. ఒక ల్యాబ్ యంత్రానికీ ఇంకో ల్యాబ్ యంత్రానికీ తేడా ఉంటుంది, అందుకే ఎప్పుడు చేయించినా అదే ల్యాబ్ పట్టుకోండి.

తెనాలి అబ్బాయి | ఫిబ్రవరి 13, సాయంత్రం 7:25

రిపోర్టు వచ్చింది.

ముందు నిన్నటి సంగతి. ఫిబ్రవరి 9న మూత్ర పరీక్ష చేయించాం, ఇన్ఫెక్షన్ లేదు. 10 నుంచి సైకిల్ వరండాలోనే ఉంది. పొలానికి మా చిన్నాన్న కొడుకు బండి మీద తీసుకెళ్లాడు. నిన్న తెల్లవారుజామున నేను ఊరికి చేరేసరికి నాన్న స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నారు. రక్తం తీసే అబ్బాయి 6:50కి వచ్చాడు. వాళ్ల యాప్‌లో మందులు రాసే గడి లేదు. నేను చీటీ మీద "డ్యూటాస్టెరైడ్ రెండేళ్లుగా, డిసెంబర్‌లో మూత్ర ఇన్ఫెక్షన్" అని రాసి ఫారానికి పిన్ చేయించాను. సూది గుచ్చుతుంటే నాన్న ట్యూబ్‌నే చూస్తున్నారు, కళ్లు తిప్పలేదు.

పీఎస్ఏ 2.9. పక్కన "0 నుంచి 4" అని ఉంది, కింద ఆకుపచ్చ రంగులో నార్మల్ అని. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. కానీ మీరంతా చెప్పింది గుర్తుంది. గుంటూరు పాత ఫైలు బీరువా పైన దొరికింది. మాత్ర మొదలుపెట్టక ముందు 4.2.

ల్యాబ్ బాబాయ్ | ఫిబ్రవరి 13, సాయంత్రం 7:40

రెట్టింపు చేస్తే 5.8. పాతది 4.2. యూరాలజిస్టుకి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించు బాబూ.

కర్నూలు డాక్టరమ్మ | ఫిబ్రవరి 13, రాత్రి 8:55

అవును. ఈ మాత్ర సరిగ్గా వాడితే 4.2 కాస్తా 2 దగ్గరికి రావాలి. 2.9 ఉందంటే రెండిట్లో ఒకటి. మధ్యలో మాత్ర మానేసి ఉండాలి, లేదా లోపల చూడాల్సింది ఏదో ఉండాలి. ఇది భయపడాల్సిన అంకె కాదు, పక్కన పడేయాల్సిన అంకె కూడా కాదు. ఆకుపచ్చ రంగు చూసి ఫైలు మూసేయవద్దు. మాత్రలు రోజూ వేసుకున్నారా, అది నాన్నగారినే నెమ్మదిగా అడగండి. కోప్పడినట్టు ఉండకూడదు.

తెనాలి అబ్బాయి | ఫిబ్రవరి 21, రాత్రి 10:05

అడిగాను. అక్టోబర్, నవంబర్ రెండు నెలలు రోజు విడిచి రోజు వేసుకున్నారట. మాత్ర ఖరీదు ఎక్కువని, నాకు భారం ఎందుకని. వినగానే నాకు మాట రాలేదు. ఇప్పుడు మూడు నెలల మాత్రలు ఒకేసారి తెచ్చి ఇచ్చాను.

ఈ రోజు యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. చీటీ, రెండు రిపోర్టులు చూశారు. "ఎవరు రాశారు ఇది?" అని అడిగారు. వేలితో పరీక్ష చేసి గడ్డలేమీ తగల్లేదన్నారు. అయినా అన్నకి ఉంది కాబట్టి ఎంఆర్ఐ చేయిద్దాం, అందులో ఏమీ లేకపోతే మాత్ర క్రమంగా వేసుకుని మూడు నెలలకి అదే ల్యాబ్‌లో మళ్లీ పీఎస్ఏ అన్నారు. ఎంఆర్ఐ 26న. బయటికొచ్చాక నాన్న రెండు ఇడ్లీలు, ఒక వడ తిని కాఫీ తాగారు.

పాలమూరు | ఫిబ్రవరి 22, ఉదయం 7:15

తమ్ముడూ, మీ నాన్నగారికి అంతా మంచే జరగాలి. 26న ఏమైందో తప్పకుండా రాయి.

డాక్టరమ్మ గారూ, నాకిప్పుడు 47. నాయన అలా పోయిన తర్వాత కూడా నేను ఒక్కసారి చేయించుకోలేదు, భయం. ఎప్పటి నుంచి చేయించుకోవాలి?

కర్నూలు డాక్టరమ్మ | ఫిబ్రవరి 22, ఉదయం 9:40

కుటుంబంలో ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లు 40, 45 మధ్యే డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టొచ్చు. మీరు చేయించుకోండి. నాన్నగారికి ఎముకలకి పాకిన సంగతి డాక్టర్‌కి తప్పక చెప్పండి, అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఎవరికైనా ఉంటే అది కూడా. కొన్ని కుటుంబాల్లో వీటన్నిటికీ ఒకే జన్యువు కారణం.

పాలమూరు | ఫిబ్రవరి 22, ఉదయం 10:02

మా మేనత్తకి రొమ్ము క్యాన్సర్ ఉండె. ఈ రెండిటికీ సంబంధం ఉంటుందని ఇప్పుడే తెలిసింది. వచ్చే శనివారం పొద్దున 8 గంటలకి పీఎస్ఏ బుక్ చేసిన. గురువారం నుంచి జిమ్ బంద్. జ్వరం, మంట ఏమీ లేవు, మందులు ఏమీ వాడట్లేదు. కాగితం రాసి క్యాలెండర్‌కి గుచ్చిన.